వాసన చూడకూడని పులుసు

ఆ రోజుల్లో తిండి పాడైందో లేదో చెప్పడానికి ముక్కు ఒక్కటే ఉండేది. ఆ రోజుల్లో అంటే మరీ తాతల కాలమేమీ కాదు, నేను డిగ్రీ పూర్తిచేసి పీజీ సీటు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఈగలు తోలుకుంటున్న రోజులు. ఇప్పుడు మా ఇంట్లో ఫ్రిజ్‌లోంచి అల్లం పచ్చడి డబ్బా తీస్తే మా ఆయన ముందు దాని మూత మీద తేదీ చీటీ ఉందేమోనని వెతుకుతాడు. చీటీ లేకపోతే ఫోనుని అడుగుతాడు. ఫోను చెప్పిన నాలుగు పేరాలూ చదివి, డబ్బా నా చేతికిచ్చి 'నువ్వోసారి చూడు' అంటాడు. అంటే తిరిగి తిరిగి ముక్కు దగ్గరికే రావాలి. ఈ మాత్రం దానికి అంత ఊరేగింపు ఎందుకో నాకు అర్థం కాదు. అయినా ఆయన్ని అని ఏం లాభం. నేను పుట్టి పెరిగిన చోట, నిక్షేపంలాంటి ముక్కులున్న పెద్దమనుషులంతా కూడి, ఒక బకెట్టెడు పులిహోర పులుసు బాగుందో పాడైందో తేల్చుకోలేక ఒక పూటంతా దాని చుట్టూ కూర్చున్నారు. ముక్కులు లేక కాదు, ఆ పులుసుని వాసన చూడకూడదు కాబట్టి.

మాది గుడి కొలువు చేసుకునే ఇల్లు. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం పోయే దారిలో బస్సు దిగి కాస్త లోపలికి నడిస్తే మా ఊరు. అక్కడి రామాలయానికి పెద్దనాన్న అర్చకుడు, వంటశాలకి పెద్దమ్మ మహారాణి. మా నాన్న రోజూ బస్సులో శ్రీకాకుళం వెళ్ళి ఉద్యోగం చేసుకునొచ్చేవాడు, కాబట్టి ఇంట్లో పెత్తనమంతా ఆ ఇద్దరిదే. మా ఇంట్లో పిల్లలకి అక్షరాలకన్నా ముందు నేర్పే పాఠం ఒకటుంది. స్వామికి పెట్టబోయేది స్వామికన్నా ముందు ఎవరూ రుచి చూడకూడదు, వాసన చూడకూడదు. చూస్తే ఎంగిలే. గాలికి తనంతట తాను వచ్చి తగిలే వాసనకి దోషం లేదట, మనం దగ్గరికెళ్ళి పీలిస్తే దోషమట. అందుకని వంటశాల ముందునుంచి వెళ్ళేటప్పుడు మేం పిల్లలం ముక్కులు పట్టుకుని పరిగెత్తేవాళ్ళం. పెద్దమ్మ పోపు వేసేటప్పుడు ముఖం పక్కకి తిప్పుకునేది. రుచి చూసే వీల్లేదు కాబట్టి ఉప్పు అందాజుగా పడేసేది. ఆ అందాజు ఒక్కోసారి స్వామివారిని తీసుకెళ్ళి సముద్రంలో ముంచేది, ఒక్కోసారి ఆస్పత్రి పథ్యం పెట్టేది. స్వామి ఏనాడూ కిక్కురుమనలేదు. భక్తులు కూడా కళ్ళకద్దుకుని 'మహాప్రసాదం' అని నోట్లో వేసుకుని, చెట్టు చాటుకెళ్ళి నీళ్ళు తాగేవారు. ఇది ఇలాగే తరతరాలుగా చక్కగా సాగిపోతుండగా గుడికి ఫ్రిజ్ వచ్చింది.

ఇచ్చింది గుడి కమిటీ ప్రెసిడెంటు గారు. ఆయనకి ధాన్యం మిల్లుంది. మిల్లులో మర ఆడినా ఆడకపోయినా ఆయన నోరు ఆడుతూ ఉండేది. అంతకుముందే గుడికి ఫ్యాన్లు ఇచ్చి, రెక్కల మీద తన పేరు రాయించుకున్నాడు. తిరుగుతున్నప్పుడు పేరు కనిపించడం లేదని ఎండాకాలంలో కూడా ఒకటి రెండు ఆపించేవాడు. ఫ్రిజ్‌తో ఆ బాధ లేదు, అది కదలదు. తలుపు మీద పైనుంచి కిందిదాకా ఎర్ర రంగుతో ఆయన పేరు, ఆయన తండ్రి పేరు, మిల్లు పేరు రాయగా, మిగిలిన చోట 'శ్రీరామ' అని చిన్నగా రాశారు. రిబ్బను కత్తిరించారు, కొబ్బరికాయ కొట్టారు. కొట్టిన కొబ్బరి చిప్పలు తప్ప అందులో పెట్టడానికి ఏమీ లేక, కొన్నాళ్ళకి ప్రెసిడెంటు గారే తన కూల్‌డ్రింకులు తెచ్చి పెట్టుకోవడం మొదలెట్టారు. పెద్దమ్మ దాని దగ్గరికి వెళ్ళేది కాదు. 'అది ఆయన బీరువా' అనేది.

ప్రెసిడెంటు గారి తల్లిని ఊరంతా మొక్కులమ్మ అంటుంది. ఆవిడ తుమ్మితే ఒక మొక్కు, తుమ్ము ఆగితే ఒక మొక్కు. మనవడు ఇంటరు గట్టెక్కితే సీతారామ కళ్యాణానికి తన చేత్తో పులిహోర పులుసు కాస్తానని మొక్కింది. మనవడు గట్టెక్కాడు (ఎలా గట్టెక్కాడో స్వామికి తెలుసు, పక్క బెంచీ మీద కూర్చుని రాసినవాడికి తెలుసు). సరే, మొక్కు మొక్కే కాబట్టి, కళ్యాణం ఇంకా కొన్ని రోజులుందనగా మంచి రోజు చూసుకుని ఆవిడ తడిబట్టలతో గుడి వంటశాలకి వచ్చి, పెద్దమ్మ పక్కన నిలబడి చెబుతుండగా, పెద్ద స్టీలు బకెట్టెడు పులుసు కాచింది. పెద్దమ్మ దాన్ని జాడీలోకి మార్చి అరుగు మీద పెట్టబోయింది. అప్పుడే ప్రెసిడెంటు గారు వచ్చారు.

"అదేటి పంతులమ్మ గారూ, బయటెట్టేస్తన్నారు. ఫ్రిజ్జు ఎందుకిచ్చినట్టు మరి."

"పులుసుకి ఫ్రిజ్జెందుకండీ. నూనె తేలేదాకా కాచినదాన్ని జాడీలో పోసీసి గుడ్డ కట్టీస్తే వారందాకా దానికేం ఢోకా లేదు" అంది పెద్దమ్మ.

"నాలుగూళ్ళోళ్ళు వస్తారు. బయటెట్టిన పులుసుతో పులిహోర కలిపేరంటే నా పరువేటవుతాది."

ఇక్కడ నేను కల్పించుకున్నాను. నేను బియస్సీ మైక్రోబయాలజీ. మా ఊళ్ళో ఆ మాటని తడబడకుండా పలకగలిగిన ఏకైక వ్యక్తిని. చల్లదనంలో సూక్ష్మజీవులు పెరగవనీ, ఇది శాస్త్రమనీ, పెద్దమ్మకి తెలియదనీ అందరిముందూ సెలవిచ్చాను. ప్రెసిడెంటు గారు 'సదువుకున్న పిల్ల సెప్పింది కదా' అని నావైపు మెచ్చుకోలుగా చూశారు. పెద్దమ్మ కూడా చూసింది గాని అది వేరే రకం చూపు. బకెట్టు ఫ్రిజ్‌లోకి వెళ్ళింది.

ఆ రాత్రే ఈదురుగాలి కొట్టింది. మా వైపు చైత్రంలో వచ్చే గాలి గురించి మా వైపు వాళ్ళకి చెప్పనక్కర్లేదు. మామిడి పిందెలు రాలాయి, పాకల మీది రేకులు లేచాయి, ఊరి బయట ట్రాన్స్‌ఫార్మర్ పెద్ద చప్పుడు చేసి ఊరుకుంది. కరెంటు మళ్ళీ వచ్చేసరికి కళ్యాణం రేపనగా మధ్యాహ్నమయింది. అంతవరకు ఎవరికీ బకెట్టు సంగతి గుర్తులేదు. కరెంటు రాగానే ఫ్రిజ్ గురగురమంది, దాని కాళ్ళ కింద మడుగు కట్టి ఉంది, అప్పుడు అందరికీ ఒక్కసారే గుర్తొచ్చింది.

ఇక్కడొక మాట చెప్పి తీరాలి. అదే పులుసు అన్ని రోజులూ జాడీలో, ఎండలో, అరుగు మీద ఉండి ఉంటే మా ఊళ్ళో ఒక్క మనిషికి కూడా అనుమానం వచ్చేది కాదు. ఏళ్ళ తరబడి అలాగే తిన్నారు. ఫ్రిజ్‌లో పెట్టడం వల్ల కదా కరెంటు పోయింది, కరెంటు పోవడం వల్ల కదా పాడైందేమో అనిపించింది. కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు. ఆ మందు వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి ఆ మధ్యాహ్నం కాస్త వెనకగా నిలబడ్డాను.

బకెట్టు తీసి వంటశాల వసారాలో పీట మీద పెట్టారు. మూత తీస్తే పైన నూనె మందంగా పేరుకుని ఉంది, అందులో అక్కడక్కడా తెల్లటి చుక్కలు. ప్రెసిడెంటు గారు వచ్చారు, మొక్కులమ్మ వచ్చింది. కమిటీ కార్యదర్శి కాబట్టి లెక్కల మాస్టారు వచ్చారు (బడి నుంచి రిటైరై చాలాకాలమైనా, లెక్కలు ఆయన్నుంచి రిటైరవలేదు). పెద్దనాన్న పై కండువా సర్దుకుని మూడడుగుల దూరంలో నిలబడి, ఊపిరి బిగబట్టి, మెడ సాచి చూశారు. మిగతావాళ్ళూ అలాగే ఊపిరి బిగబట్టి మెడలు సాచారు. కాసేపటికి ఒక్కొక్కరూ వెనక్కి వెళ్ళి ఊపిరి తీసుకునొచ్చి మళ్ళీ చూశారు.

"బూజులాగుంది" అన్నారు మాస్టారు.

"మినప్పప్పండీ అది. పోపులోది. నాని ఉబ్బీసింది" అంది పెద్దమ్మ, గుమ్మం దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతూ. తల ఎత్తలేదు.

"బూజేటి, పప్పేటి. నా సేతి పులుసు ఏడాదయినా సెక్కు సెదరదు" అంది మొక్కులమ్మ. "మావోడి డబ్బాలో ఎట్టి మీరు పాడు సేసుకుంటే నాను సెయ్యగలిగిందేటీ లేదు."

"మాయమ్మ పులుసు పాడవడమేటి, నా ఫ్రిజ్జులో పాడవడమేటి" అన్నారు ప్రెసిడెంటు గారు. తల్లీ ఫ్రిజ్జూ రెండూ ఆయనవే కాబట్టి దేన్నీ తప్పు పట్టే వీల్లేకపోయింది.

మడి గరిటె పెట్టి కదిపారు. రెండు బుడగలు లేచి టప్పుమన్నాయి. అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. బుడగలు పులిసినందుకా, గాలి చిక్కుకున్నందుకా అన్న దాని మీద చాలాసేపు వాదన జరిగింది. మాస్టారు కరెంటు లేని గంటల్ని బకెట్టు బరువుతో హెచ్చించి ఏదో భాగించి, పులుసు 'మూడొంతులు మంచిది' అని తేల్చారు. మిగతా ఒక వంతు బకెట్టులో ఎటువైపుందో చెప్పలేదు. తర్వాత ఆయనకే ఇంకో ఆలోచన వచ్చింది. ముక్కుకీ నాలుకకీ నిషేధం గాని చెవికి లేదు కదా అన్నారు. పెద్దనాన్న ఆలోచించి, చెవికి శాస్త్రంలో అడ్డు చెప్పినట్టు లేదన్నారు. అంత వయసూ వేసుకుని మాస్టారు నేలమీద మోకరిల్లి, ముక్కు పట్టుకుని, బకెట్టు పక్కకి చెవి ఆనించి కళ్ళు మూసుకున్నారు. "పొంగుతున్నట్టు చప్పుడొస్తోంది" అని ప్రకటించారు. తీరా చూస్తే అది వెనకాల ఫ్రిజ్ చేస్తున్న రొద.

అప్పుడు మొక్కులమ్మ చీమల మాట ఎత్తింది. పాడైనదాన్ని చీమ ముట్టదట. ఓ చుక్క కింద వేసి చూడమంది. పెద్దనాన్న వెంటనే కుదరదన్నారు. స్వామికన్నా ముందు చీమ తింటే చీమ ఎంగిలి కాదా. "మనం పిలిచి పెడితే దోషం. తనంతట తాను వస్తే దోషం లేదు" అని తీర్పిచ్చారు. దాంతో మూత ఓరగా తెరిచి, అందరూ దూరంగా జరిగి, చీమ స్వయంగా విచ్చేస్తుందేమోనని కూర్చున్నారు. ఊరిని ఏలే కమిటీ అంతా ఒక చీమ కోసం అలా నోరు మూసుకుని కూర్చోవడం నేను మళ్ళీ చూడలేదు. చీమ ఒకటి వచ్చింది కూడా. బకెట్టు అడుగున చుట్టూ తిరిగి, ఏమనుకుందో, మాస్టారి కాలు వైపు వెళ్ళిపోయింది.

"పసుపుంది కదా, చీమ రాదు" అంది పెద్దమ్మ బియ్యంలోంచి. ఆ మాట ముందే చెప్పొచ్చు కదా అంటే, నన్నెవరడిగేరు అంది.

ఇక వాళ్ళందరి చూపూ నా మీద పడింది. ఆ క్షణం కోసమే నేను మూడేళ్ళు చదివాను. చింతపండులో ఆమ్లం ఎక్కువ కాబట్టి బ్యాక్టీరియా పెరగదనీ, అయితే బూజు పెరగొచ్చనీ, అయితే ఉప్పూ నూనే ఉన్నాయి కాబట్టి పెరక్కపోవచ్చుననీ, అయితే తేమ చేరింది కాబట్టి పెరగనూవచ్చుననీ చెప్పాను. ఎచ్చెర్ల యూనివర్సిటీలో మా సీనియరు ఒకామె ఉంది, ల్యాబులో పెంచి చూస్తే కొన్ని రోజుల్లో తేలిపోతుందని కూడా చెప్పాను.

"కళ్యాణం రేపు కదమ్మా" అన్నారు పెద్దనాన్న.

"ఇంతకీ తినొచ్చా, తినకూడదా" అంది మొక్కులమ్మ.

"ఖచ్చితంగా చెప్పలేం మామ్మగారూ."

"సెప్పలేమని నేర్సుకోడానికి మూడేళ్ళు సదివినావేటే పిల్లా."

నాకు ఒళ్ళు మండింది. ఇంతమందికి ఇన్ని ముక్కులుండి ఈ నాటకమేమిటి, ఒక్కసారి వంగి వాసన చూస్తే తెలిసిపోయేదానికి అన్నాను. వసారా అంతా గగ్గోలెత్తింది. అర్చకుడి ఇంట పుట్టి అదేం మాట అన్నారు మాస్టారు. పోనీ ఇంకో దారి చెబుతాను, ఒక గరిటెడు తీసి స్వామికి నైవేద్యం పెట్టేయండి, అప్పుడది ప్రసాదమే కదా, ఇక రుచి చూడొచ్చు, నేనే చూస్తాను అన్నాను. ఇది చాలా తెలివైన మాటనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను. మాస్టారు కూడా తల ఊపబోయారు.

పెద్దనాన్న మాత్రం నావైపు తిరిగి, నెమ్మదిగా అన్నారు. "అంటే అనుమానంగా ఉంది, ముందు నువ్వు తిని చూడు నాయనా అని ఆయన్నడగాలా."

మాస్టారు ఊపబోయిన తల మధ్యలోనే ఆపేశారు. నాకు ఆయన మీద అప్పుడు జాలి కలిగింది, ఆ మాట దాచడమెందుకు. ఎందుకంటే అక్కడున్న వాళ్ళందరిలో నిజంగా నష్టపోయేది ఆయనొక్కడే. ముందు ఏడాదే ప్రెసిడెంటు గారు, మైకులో మంత్రాలు పాటలాగా చదివే పడుచు పంతులు ఒకాయన్ని పట్నం నుంచి పిలిపించాలని కమిటీలో ఎత్తారు. ఎలాగో ఆగింది. ఇప్పుడు పులుసు పారబోయమంటే మొక్కులమ్మని అవమానించినట్టు, కొలువు పోతుంది. కలిపి పెట్టాక జనానికి వాంతులైతే కొలువూ పోతుంది, పరువూ పోతుంది, పిల్లా మేకా మంచాన పడతారు. తన చేత్తో అనుమానపు తిండి పెడితే స్వామికి ముఖం చూపించలేరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో స్టీలు బకెట్టు.

ప్రెసిడెంటు గారు లేచి పంచె దులుపుకున్నారు. "సూడండి పంతులు గారూ. రేపు పులిహోర మాయమ్మ పులుసుతోటే కలుస్తాది. కాదు, ఒంపీస్తామంటారా, సెప్పండి. కొలువు సేసుకోడానికి మనుషులు లేకపోలేదు."

ఆ మాట తర్వాత రాళ్ళేరడం ఆపి పెద్దమ్మ మొదటిసారి తల ఎత్తింది. చేట పక్కన పెట్టి, చేతులు దులుపుకుని, నన్ను పిలిచింది.

"ఇలా రావే. నా కళ్ళకి ఆనడం లేదు. ఆ లోపలంచుకి ఏవిటో అంటుకున్నట్టుంది. అదేదో నీ చదువులో చెప్పినదేమో దగ్గరగా చూడు."

నేను వెళ్ళాను. బకెట్టు మీదికి వంగాను. "ఇంకా వంగు, అడుగున చూడు" అంది. ఇంకా వంగాను. వంగినప్పటినుంచీ ఊపిరి బిగబట్టిన దాన్ని, అడుగుదాకా చూసేసరికి ఊపిరి ఆడక, మనిషన్నాక తీసుకుంటాం కదా, ఓ పెద్ద ఊపిరి తీసుకున్నాను. అంతే, పెద్దమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

"అయ్యయ్యో, పిల్ల వాసన చూసీసింది. మీరంతా చూసేరు కదా. చూసీసింది."

తర్వాత జరిగింది చెప్పడానికి నాకిప్పటికీ సిగ్గే. కాదు, నువ్వే కదా వంగమన్నావు అంటున్నా వినేవాళ్ళు లేరు. లెక్కల మాస్టారు నేను ముక్కుపుటాలు ఎగరేయడం స్వయంగా చూశానని సాక్ష్యం చెప్పారు. మొక్కులమ్మ కోపమంతా పెద్దనాన్నని వదిలి నా మీదికి దిగింది. ఎంత సదివితే ఏటి లాభం, దేవుడి సొమ్ముకి ముక్కెట్టీసే పిల్లని ఏ ఇంటికి పంపుతారో అంది. పెద్దనాన్న ఒక్క క్షణం పెద్దమ్మ ముఖంలోకి చూశారు. ఆయన మందబుద్ధి కాదు. గొంతు సవరించుకుని, కోర్టులో జడ్జిలాగా అన్నారు: "పులుసు దివ్యంగా ఉండే ఉంటుంది. ప్రెసిడెంటు గారి మాతృమూర్తి చేతి చలవ, పాడవడమనేది ఉండదు. కాని ఏం చేస్తాం, పిల్ల వల్ల ఎంగిలైంది. స్వామికి పనికిరాదు. అమ్మగారు పెద్ద మనసుతో ఈ సాయంత్రం మళ్ళీ కొంచెం కాస్తే మొక్కూ తీరుతుంది, రెండింతల పుణ్యమూ వస్తుంది."

రెండింతల పుణ్యమనేసరికి మొక్కులమ్మ ముఖం వికసించింది. తల్లిని పొగిడారు కాబట్టి కొడుకు చల్లబడ్డాడు. ఫ్రిజ్ పరువు నిలిచింది, పెద్దనాన్న కొలువు నిలిచింది, జనం పొట్టలు నిలిచాయి. పోయింది నా ఒక్కదాని పరువు. అది అప్పటికి ఊళ్ళో పెద్ద ఖరీదు చేసే వస్తువు కాదు కాబట్టి ఎవరూ బాధపడలేదు. పెద్దమ్మ చేట దగ్గరికి తీసుకుని మళ్ళీ రాళ్ళేరుకోసాగింది. పెదవుల చివర ఒక చిన్న నవ్వు కనిపించింది నాకు.

కథ అక్కడితో అయిపోతే పెద్దమ్మ గొప్పదని ఒప్పుకుని ఊరుకునేదాన్ని. మొక్కులమ్మ వెళుతూ వెళుతూ బకెట్టు వైపు తిరిగింది.

"దేవుడికి పనికిరాకపోతే మనుషులకి పనికిరాదేటి. ఒరే, పట్రా దాన్ని. ఇంటికి పట్టుకుపోదాం."

పెద్దనాన్న ఇంక ఏమంటారు. దివ్యంగా ఉందని ఇప్పుడే కదా అన్నారు. ప్రెసిడెంటు గారు తన బకెట్టుని తనే పట్టుకుని వీధిలోంచి నడిచి వెళుతుంటే, పెద్దనాన్న గుడి మెట్ల మీద నిలబడి కనుమరుగయ్యేదాకా చూశారు. పెద్దమ్మ నవ్వు కూడా మాయమైంది. అంత పథకం వేసిన మనిషికి ఈ సంగతి తట్టలేదు.

సాయంత్రం దీపాలవేళ నేను బావి గట్టు మీద అలిగి కూర్చుంటే పెద్దనాన్న వచ్చారు. అటూ ఇటూ చూసి, నా పక్కన నిలబడి, ఎప్పుడూ లేనంత మెత్తగా అడిగారు.

"అమ్మడూ. ఎలా ఉందే."

"ఏది?"

"అదే. వాసన."

చూడండి న్యాయం. మధ్యాహ్నం అంతమంది ముందు నా ముక్కు మహాపాపం. సాయంత్రానికి అదే ముక్కు కావలసి వచ్చింది. "ఏమో పెద్దనాన్నా, పాపం చేసినదాన్ని, నాకేం తెలుస్తుంది" అన్నాను. మళ్ళీ అడిగారు. నేను బావిలోకి చూస్తూ కూర్చున్నాను. ఇంకో రెండుసార్లు దగ్గి, కాసేపు నిలబడి, వెళ్ళిపోయారు.

మర్నాడు కళ్యాణానికి ప్రెసిడెంటు గారు ఇంటిల్లిపాదితో ముందు వరసలో కూర్చున్నారు. రాత్రి పులిహోరే తిన్నామని, పొద్దున్న కూడా అదేనని, వీధిలో వాళ్ళకి కూడా పంచామని అందరికీ చెబుతున్నారు. పెద్దనాన్న సంకల్పం చెబుతూ ఆయన పొట్ట వైపే చూశారు. జీలకర్ర బెల్లం దగ్గర ఆయన పొట్ట వైపే చూశారు. మంగళసూత్రం ఎత్తి జనానికి చూపిస్తున్నప్పుడు ప్రెసిడెంటు గారు ఎందుకో లేచి బయటికి వెళ్ళారు. పెద్దనాన్నకి మంత్రం తప్పింది. ఆయన తిరిగొచ్చి ఫోను జేబులో పెట్టుకుంటూ కూర్చున్నాక గాని సీతమ్మ మెడలో సూత్రం పడలేదు. ఆ ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. ఆ పులుసుతోనే వాళ్ళు చాలా రోజులు గడిపారు. ఫ్రిజ్‌లో పెట్టి మరీ.

నాకు మాత్రం ఊళ్ళో 'వాసన పిల్ల' అని పేరు స్థిరపడింది. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళకి కూడా ఎవరో ఒకరు చెప్పేవారు. తర్వాత ఎచ్చెర్లలో పీజీ చేసి, సముద్రం వైపున్న ఒక రొయ్యల కంపెనీలో ఉద్యోగంలో చేరాను. అక్కడ ఎన్ని యంత్రాలున్నా ముందు మనిషి వాసన చూసి చెప్పాలి, సరుకు మంచిదో కాదో. ఆ మనిషిని నేను. పుట్టు శాకాహారిని, రోజంతా రొయ్యల్ని వాసన చూస్తాను. ఈ సంగతి తెలిసి పెద్దమ్మ 'దానికి జీతం కూడా ఇస్తారుటే' అని ఆశ్చర్యపోయి, వెంటనే 'అయినా ఆ ముక్కు ఎప్పుడో చెడింది కదా, ఇంకా చెడేదేవుంది' అని సర్దిచెప్పుకుంది. చెడగొట్టింది ఎవరో మాత్రం ఆవిడకి గుర్తు రాలేదు.

ఈమధ్య ఊరెళ్ళాను. పెద్దనాన్నకి మోకాళ్ళు వంగడం లేదు, కొలువు మా తమ్ముడికి అప్పజెప్పారు. ఇప్పుడు మా ఇంట్లోనూ ఒక ఫ్రిజ్ ఉంది, దాని మీద ఎవరి పేరూ లేదు. భోజనాలవేళ ఆయన అందులోంచి చిన్న గిన్నె తీసి, కర్ర పోటేసుకుంటూ వచ్చి నా ముక్కు కింద పెట్టారు. గోంగూర పచ్చడి. పెద్దమ్మ ఎప్పుడు చేసిందో ఆవిడకే గుర్తులేదట.

"బావుంది, తినొచ్చు" అన్నాను.

ఆయన గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డారు. "మరి అది?"

ఏది అని అడగలేదు నేను. ఇన్నేళ్ళయినా ఆయన మనసులో ఆ బకెట్టు అలాగే ఉందని తెలిసి నవ్వొచ్చింది. చెప్పేశాను. ఇంగువ, వేగిన ఎండుమిరపకాయ, ఆవపిండి, అడుగున బెల్లం. ఎక్కడా పులిసిన వాసన లేదు. ఊపిరి తీసుకోగానే నోట్లో నీళ్ళూరాయి, ఆ నీళ్ళు మింగుతుండగానే పెద్దమ్మ అరుపు వినిపించింది. అంత మంచి పులుసు వాసన నేను మళ్ళీ చూడలేదు.

"అయితే మంచి పులుసే ఆయనకి దక్కలేదన్నమాట" అన్నారు పెద్దనాన్న. ఆయన అంటే ఎవరో వేరే చెప్పక్కర్లేదు. నెమ్మదిగా కూర్చుని, గిన్నెలోంచి కాస్త పచ్చడి తీసి, దేవుడి మూల వైపు ఒకసారి చూపించి, అప్పుడు అన్నంలో కలుపుకున్నారు. నేను వాసన చూసిన పచ్చడే. ఏ దోషమూ గుర్తు రాలేదు ఆయనకి.

నాకు మాత్రం ఆ పిల్ల గుర్తొచ్చింది. కమిటీనీ, మాస్టారినీ, చీమనీ, దేవుడినీ కూడా తీసిపారేస్తూ, లోకంలో తెలివి తన ఒక్కదానికే ఉందనుకుంటూ నిలబడ్డ పిల్ల. పెద్దమ్మ పిలిచినప్పుడు అది ఎంత ముస్తాబుగా వెళ్ళిందో నాకు బాగా గుర్తుంది. జడ వెనక్కి వేసుకుని, చున్నీ సర్దుకుని, ఇన్నాళ్ళకి ఈ ఇంట్లో నా చదువు ఒకరికి కావలసి వచ్చింది కదా అనుకుంటూ వంగింది, పిచ్చిది.